లేనిచోటికి దారి దుర్గం మీదుగా

ఉదయగిరికీ ఓ విజన్ డాక్యుమెంటు వచ్చింది. ఆత్మకూరుకీ వచ్చింది. రాష్ట్రానికొకటి రాసుకున్నారు, ఆశ తీరలేదు. జిల్లాకొకటి రాశారు, చెయ్యి దురద తగ్గలేదు. ఇక నియోజకవర్గానికొకటి చొప్పున 175 బంగారు భవిష్యత్తులు. తెలుగులో నవల చచ్చిపోయిందనీ, చదివేవాడే లేడనీ సభల్లో కళ్లొత్తుకునే పెద్దలు ఒక్కసారి కలెక్టరాఫీసు వైపు తొంగిచూడాలి. ఇంత కల్పనా సాహిత్యం, ఇంత తక్కువ కాలంలో, ఇంత మంచి కాగితం మీద తెలుగు నేల ఎన్నడూ ఎరగదు.

కల్పన అనడం తిట్టేమీ కాదు. దానికి పెద్ద వంశమే ఉంది. ఆ వంశానికీ ఉదయగిరికీ దూరపు చుట్టరికం కూడా కలపొచ్చు. 1514లో, ఏడాదిన్నర ముట్టడి తర్వాత, శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి ఉదయగిరి దుర్గాన్ని లాక్కున్నాడు. సరిగ్గా రెండేళ్లకు, 1516లో, థామస్ మోర్ అనే ఇంగ్లీషు లాయరు 'ఉటోపియా' అచ్చు వేయించాడు. అందులో ఆ దీవి కబుర్లు చెప్పేవాడు రాఫేల్ హిత్లోడే అనే పోర్చుగీసు యాత్రికుడు. ఆ దీవిలో ఉండి ఉండి ఇంటికెలా చేరాడయ్యా అంటే, సింహళం మీదుగా కాలికట్ వచ్చి, అక్కడ తనవాళ్ల ఓడలు కనబడితే ఎక్కి! రాయల సైన్యం ఉదయగిరి గోడల కింద గుడారాలు వేసుకున్న రోజులకు కాస్త అటూఇటూగా, ప్రపంచంలోకెల్లా పేరుమోసిన ఊహాలోకం దక్షిణాది రేవులో ఓడ మారిందన్నమాట. ఉటోపియా అంటే గ్రీకులో లేనిచోటు. హిత్లోడే అంటే పనికిమాలిన కబుర్లు అమ్ముకునేవాడు. మోర్ మర్యాదస్తుడు, పేర్లలోనే గుట్టు విప్పేశాడు. విజన్ డాక్యుమెంట్లకు ఆ మర్యాద తెలియదు.

(రాయలు ఉదయగిరి నుంచి ఉత్తచేతుల్తో పోలేదు. దుర్గంలోని బాలకృష్ణుణ్ణి విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరి మెట్ట వదిలి పోయినవాళ్లు చెన్నైలో తేలడం దేవుడితోనే మొదలైంది.)

ఇక బంగారం. ఇక్కడ కాసేపు ఆగక తప్పదు.

మోర్ దీవిలో జనం మట్టి పాత్రల్లో తింటారు, గాజు గిన్నెల్లో తాగుతారు. బంగారంతో ఏం చేస్తారంటే, మూత్రపు కుండలు చేస్తారు. నేరం చేసి బానిసలైనవాళ్లకు సంకెళ్లు, చెవులకు పోగులు చేస్తారు. ముత్యాలు, వజ్రాలు దొరికితే పసిపిల్లలకు ఆడుకోమని ఇస్తారు. కాస్త బుద్ధెరిగాక ఆ పిల్లలే సిగ్గుపడి పారేస్తారు. ఓసారి పరాయి దేశపు రాయబారులు ఒంటినిండా గొలుసులు దిగేసుకుని ఊరేగుతూ వస్తే, జనం ఆ గొలుసులోళ్లను బానిసలనుకుని వదిలేసి, సాదా బట్టల్లో వెనక నడిచే నౌకర్లకు దణ్ణాలు పెడతారు. తల్లి పక్కన నిలబడ్డ ఓ పిల్లవాడికైతే, ఇంత పెద్దయ్యాక కూడా ఈయన ముత్యాలు పెట్టుకుని తిరుగుతున్నాడేమిటని అనుమానం. ఐదొందల ఏళ్ల కిందటి హాస్యం, ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆ పిల్లవాణ్ణి ఓసారి వెలగపూడి తీసుకురావాలి. ఇక్కడి లేనిచోటు పేరు స్వర్ణాంధ్ర. పక్క రాష్ట్రంలో మొన్నమొన్నటిదాకా బంగారు తెలంగాణ. మధ్యలో ఓ ఐదేళ్లు ఆంధ్రలో బంగారం మాట లేదు కదా అంటారేమో, ఆ ఐదేళ్లూ నవరత్నాలు. ఒకాయన బంగారం పోస్తానంటే ఇంకొకాయన రాళ్లు పొదుగుతానంటాడు. నెల్లూరు ఆచారి వీధిలో పక్కపక్క నగల కొట్లవాళ్లకు కూడా ఇంత పంతం ఉండదు.

ఇంతటితో ఆగితే బాగుండేది. నెలనెలా మూడో శనివారం అధికారులు చీపుళ్లు పట్టుకుని ఫొటోలు దిగే కార్యక్రమం పేరు స్వచ్ఛాంధ్ర–స్వర్ణాంధ్ర. మరుగుదొడ్డినీ బంగారాన్నీ ఒక్క మాటలో కలిపింది మోర్ తర్వాత ఈ ప్రభుత్వమే. తెలిసి చేసినట్టయితే మెచ్చుకోవాలి.

2025 ఉగాదికి పేదవాడికి కూడా బంగారు పూత పడింది. పైనున్న పదిశాతం మంది కిందున్న ఇరవై శాతాన్ని చెయ్యి పట్టుకుని లేపుతారట. చెయ్యి పట్టుకునేవాడు మార్గదర్శి, లేచేవాడు బంగారు కుటుంబం. మెట్ట రైతు ఇంట్లో బంగారం ఎక్కడుంటుందో ఉదయగిరిలో ఏ బ్యాంకు గుమాస్తానడిగినా చెబుతాడు: కుదువ పెట్టిన సంచిలో, పైన నంబరు వేసి. విత్తనాలకో, బోరుకో, పిల్ల ఫీజుకో మెడలోంచి తీసిన గొలుసు అది. ఆ ఇంటి గోడకు బంగారు కుటుంబమని పేరు తగిలించడానికి ఎంత గుండె కావాలి! దరిద్రుణ్ణి దరిద్రుడనడం మర్యాద కాదు, నిజమే. అలాగని వాడి దగ్గర లేనిదేదో అదే వాడికి పేరు పెట్టడం మర్యాదెలా అవుతుంది? నీళ్లు లేని ఊరికి గంగవరమని పేరు పెట్టి, కుళాయి అడిగితే బోర్డు చూపించినట్టుంది.

మోర్ దీవిలో మార్గదర్శులు ఉండరు. డబ్బే లేదు కాబట్టి దాత లేడు, దాత లేడు కాబట్టి పుచ్చుకునేవాడూ లేడు. పన్నులు వసూలు చేసే సర్కారు పేదరికాన్ని ధర్మప్రభువులకు సబ్ కాంట్రాక్టుకిచ్చే ఏర్పాటు ఆ లాయరు బుర్రకు కూడా తట్టలేదు.

2047కి తలసరి ఆదాయం 42 వేల డాలర్లని స్వర్ణాంధ్ర లెక్క. డాలర్లలో ఎందుకో ఎవరూ చెప్పరు. దుర్గం కింద ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసేవాళ్లున్నారు. కొండమీది నర్ది కర్ర తెచ్చి, బాడిసతో చెక్కి, ఉలితో గుంట తీసి, ఆకురాయితో అరగదీస్తారు. ఫోర్కు పళ్ల సందులో ఇరుక్కున్న పొట్టును ఉఫ్ మని ఊది, వెలుతురుకు ఎత్తి పట్టి, పళ్లన్నీ ఒక్క తీరుగా ఉన్నాయో లేదో ఓ కన్ను మూసి చూస్తుంది చేసే మనిషి. వంకర ఉంటే మళ్లీ ఆకురాయి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఫోర్కులు చేసే ఊరు సంగటి ముద్దను మాత్రం చేత్తోనే తింటుంది, అది వేరే సంగతి. ఆధునికత ఉదయగిరికి ఎప్పుడో వచ్చింది. పొట్టు ఇక్కడ రాలుతుంది, ఫోర్కు పట్నం పోతుంది. దాని ధర రూపాయల్లోనే.

అసలు కిటుకు బంగారంలో లేదు, తేదీలో ఉంది. మోర్ కాలంలో ఊహాలోకం ఎక్కడో దూరాన సముద్రం మధ్య ఉండేది. ఓడలు ప్రపంచమంతా చుట్టబెట్టేశాక దాచడానికి దీవులు మిగల్లేదు. అప్పుడు 1771లో మెర్సియే అనే ఫ్రెంచివాడు ఓ ఎత్తు వేశాడు. అతని కథలోని మనిషి నిద్రపోతాడు, లేచేసరికి అదే పారిస్, సంవత్సరం మాత్రం 2440. చోటు బదులు ఏడు. 1888లో అమెరికాలో బెల్లమీ కథానాయకుడూ అంతే, 1887లో కునుకు తీస్తే 2000లో మెలకువ. ఆధునిక ఉటోపియా మొత్తం ఈ నిద్ర మీదే నిలబడి ఉంది. దీవి ఉందని అబద్ధమాడితే ఎవడో ఓడ వేసుకుని వెళ్లి నిజం తేలుస్తాడు. 2047కి వెళ్లి చూసొచ్చే ఓడ లేదు.

తెలుగువాడికి ఈ నిద్ర బాగా అలవాటే. 1999లో మెకిన్సీ కంపెనీని పెట్టి విజన్ 2020 రాయించారు. 2020కల్లా పేదరికం ఉండదన్నారు. 2020 వచ్చింది. పేదరికం సంగతి అలా ఉంచండి, ఆ విజన్ ఏ రాష్ట్రానికి రాశారో ఆ రాష్ట్రమే లేదు! ఆరేళ్ల ముందే రెండు ముక్కలైంది. లేనిచోటు అన్న మాటకు ఇంత నిక్కచ్చి న్యాయం మోర్ కూడా చేయలేదు. విభజన తర్వాత ఇంకో లెక్క: 2022కి దేశంలో మొదటి మూడు రాష్ట్రాల్లో ఒకటి, 2029కి దేశంలోనే మొదటిది, 2050కి ప్రపంచానికే మేటి. ఇప్పుడు 2047. మూడేళ్లు కలిసొచ్చాయి, సంతోషం. ఇరవై ఏళ్లకు పైగా వాయిదా వేయడంలో ఓ సౌకర్యం ఉంది: మధ్యలో నాలుగు ఎన్నికలు పడతాయి, నిలదీయాల్సినవాడు ముసలివాడవుతాడు. ఆత్మకూరు బస్టాండులో టీ తాగే అరవై ఏళ్ల పెద్దాయన వేళ్లు మడిచి లెక్కేసుకుంటే ఎనభై దాటతాయి. "అప్పటికి నేనుంటే గదబ్బా" అనేసి గ్లాసు కింద పెట్టేస్తాడు. ఆయనకి సమాధానం ఏ పేజీలోనూ లేదు.

కొండకు అవతల, కడప జిల్లాలో, బ్రహ్మంగారు కూడా రాబోయే కాలం గురించే చెప్పారు. కానీ ఆయన ఎవరికీ వృద్ధిరేటు ఇస్తానని మాటివ్వలేదు.

చిన్నాచితకా వింతలు ఇంకా ఉన్నాయి. 2017లో అమరావతి భవనాల నమూనాకు లండన్ వాస్తుశిల్పులు చాలక, మాహిష్మతి కట్టిన రాజమౌళిని సలహా అడిగారు. మోర్ దీవిలో మనిషి రోజుకు ఆరు గంటలు పనిచేస్తే చాలు. స్వర్ణాంధ్ర మంత్రివర్గం 2025 జూన్‌లో తొమ్మిది గంటల పనిని పదికి పెంచింది. అమరావతి క్వాంటం వ్యాలీ గురించి మాట్లాడాలంటే ముందు వరికుంటపాడులో ఫోన్‌కు సిగ్నల్ నిలకడగా దొరికే గట్టు వెతుక్కోవాలి.

నీళ్ల దగ్గరికొద్దాం. ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్ల పేర్లు వింటే కొత్తవాడు ఓడరేవుకొచ్చాననుకుంటాడు: అనంతసాగరం, అనుమసముద్రంపేట. పాతకాలపు రాజులకూ అతిశయోక్తి జబ్బు ఉంది, చెరువును సముద్రమనేవాళ్లు. కాకపోతే వాళ్లు ముందు తవ్వి తర్వాత పేరు పెట్టారు. ఇప్పుడు వరస మారింది. వెలిగొండ ప్రాజెక్టుకు 1996 మార్చిలో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం దగ్గర కృష్ణా వరదనీళ్లు పట్టి, కొండ కింద పద్దెనిమిది కిలోమీటర్లు దాటిన జంట సొరంగాల్లోంచి తెచ్చి, నల్లమల సాగర్ నింపి, మూడు జిల్లాల మెట్టకు పారించాలి. అందులో నెల్లూరు జిల్లా వాటా 84 వేల ఎకరాలు. 2024 మార్చిలో, సరిగ్గా ఎన్నికల ముందు, సొరంగాలను జాతికి అంకితం చేశారు. అంకితం అయింది, నీళ్లు రాలేదు. సాగర్ పేరు మాత్రం అప్పటికే వాడుకలో ఉంది.

సోమశిల అనంతసాగరం మండలంలోనే ఉంది. 78 టీఎంసీల జలాశయం. అక్కడి నీళ్లు కండలేరు చేరి, తెలుగుగంగలో పడి చెన్నై కుళాయిల దాకా పోతాయి. కూతవేటు దూరంలో ఉన్న మెట్ట మాత్రం హైలెవెల్ కెనాల్ కోసం ప్రభుత్వాల వెంట ప్రభుత్వాలను చూస్తూ కూర్చుంది. 1905లో మద్రాసు నుంచి వచ్చే ఓ ఆడవాళ్ల ఇంగ్లీషు పత్రికలో బెంగాలీ రచయిత్రి రొకేయా 'సుల్తానా కల' అని ఓ కథ రాసింది. అందులో ఆడవాళ్లు ఆకాశంలోకి బుడగ పంపి, గొట్టాలతో మబ్బుల్లోంచి నీళ్లు లాక్కుంటారు. వెలిగొండ కాగితాలు చదివాక ఆ బుడగే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది.

రొకేయా గానీ, అంతకు పదేళ్లకు పైగా ముందు 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' రాసిన వీరేశలింగం గానీ లేని లోకం ఎందుకు కట్టారు? వీరేశలింగం ఆడుమళయాళంలో పెత్తనమంతా ఆడవాళ్లది. ఇక్కడ ఆడవాళ్లు పడే పాట్లన్నీ అక్కడ మగవాళ్లు పడతారు. చదివే మగవాడు ముందు నవ్వి, తర్వాత తన ఇంటి వంటగది వైపు చూసి ఇబ్బందిగా కదలాలి. అదీ లెక్క. లేని లోకం ఉన్న లోకాన్ని గల్లా పట్టుకుని అడగడానికి పుట్టింది. ఈ విజన్లు ఉన్న లోకాన్ని కాస్త ఓపిక పట్టమనడానికి పుట్టాయి.

ఓపిక పట్టని ఊరు ఒకటి ఇక్కడే ఉంది. కలిగిరి మండలం దూబగుంట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిపూట దీపం దగ్గర, పగలంతా కూలికెళ్లొచ్చిన ఆడవాళ్లు వేలు పెట్టి చదివే వాచకంలో సీతమ్మ కథని ఓ పాఠం. సారా ఇంటిని ఎలా తినేస్తుందో, దాని మీద ఎలా తిరగబడొచ్చో చెప్పే కథ. ఆ సీతమ్మ లేదు, ఆ ఊరూ లేదు. ఎవరో ఊహించి రాశారు. కచ్చితంగా ఉటోపియా సాహిత్యమే, కాకపోతే రెండు మూడు పేజీలది, పెద్ద అక్షరాల్లో. దూబగుంట ఆడవాళ్లు దాన్ని చదివి, 2047 దాకా ఆగాలని ఎవరూ చెప్పలేదు కాబట్టి, 1992లో తమ ఊళ్లో సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. పాఠానికీ చట్టానికీ మధ్య మూడు నాలుగేళ్లు పట్టింది. ఏ కన్సల్టెంటుకూ ఫీజు పోలేదు.

దాన్ని ఏం చేశారు? 1997లో ఎత్తేశారు. ఖజానాకు డబ్బు కావాలన్నారు. రెండేళ్లకు అదే ప్రభుత్వం పేదరికం లేని 2020ని మెరిసే అట్టతో విడుదల చేసింది. పేద ఇంటి ఆడవాళ్లు లాఠీలకూ కాంట్రాక్టర్ల గూండాలకూ ఎదురు నిలబడి, ఒళ్లు హూనం చేసుకుని సాధించిన ఒకే ఒక్క నిజమైన విజన్‌ను అమ్ముకుని, దాని స్థానంలో కాగితం ఇచ్చారు. తర్వాత వచ్చినవాళ్లు తక్కువా? నవరత్నాల్లో మద్యనిషేధం ఓ రత్నం. ఆ రత్నం పేరు చెప్పుకుంటూనే సర్కారే కొట్టు తెరిచి గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. 2024లో ప్రభుత్వం మారింది, అక్టోబరులో కొట్లూ మారాయి: 3,396 ప్రైవేటు దుకాణాలు, 99 రూపాయలకే క్వార్టరు. రెండు నెలలు తిరక్కుండా, డిసెంబరు 13న, ఆరోగ్యం, సంపద, ఆనందం అంటూ స్వర్ణాంధ్ర 2047 వెలువడింది. ఆ మూడు మాటలు రాసిన చేతికి దూబగుంట గుర్తు రాలేదా? వచ్చే ఉంటుంది. వచ్చినా రాశారంటేనే ఒళ్లు మండుతుంది. అక్షరం నేర్చుకున్న మొదటి ఏడాదే చదివినదాన్ని నిజం చేసి చూపించిన ఆడవాళ్లకు, అంతా చదువుకున్న ప్రభుత్వాలు మూడు దశాబ్దాలుగా చేస్తున్న అవమానం ఇది. ఈ కాలమ్ రాసేవాడికి దీన్ని వెటకారంగా చెప్పే ఓపిక లేదు.

జనానికి విజన్ చదివే ఓపికా తెలివీ లేవని మాత్రం ఎవరూ అనకండి. 2001 జూన్‌లో మెదక్ జిల్లా ఆల్గోల్‌లో 'ప్రజాతీర్పు' పేరుతో చిన్న, సన్నకారు రైతులను, ఎక్కువగా ఆడవాళ్లను, జ్యూరీగా కూర్చోబెట్టారు. మూడు భవిష్యత్తులను వీడియోలుగా చూపించారు. అందులో విజన్ 2020 ఒకటి. అధికారులను, శాస్త్రవేత్తలను, కంపెనీలవాళ్లను పిలిచి ప్రశ్నలడగమన్నారు. రోజుల తరబడి విని, అడిగి, చివరికి ఆ విజన్ మాకొద్దన్నారు. సేద్యం మీద బతికేవాళ్ల సంఖ్యను తగ్గించడమే అభివృద్ధి అయితే తగ్గిపోయేవాళ్లం మేమే కదా అన్నది వాళ్ల బాధ. విజన్‌కు డబ్బులిచ్చిన బ్రిటన్‌లో ఆ తీర్పు మీద పార్లమెంటు దాకా గొడవ నడిచింది. హైదరాబాదులో మాత్రం ఆ నివేదికను బీరువాలో పెట్టారు. తెలుగు గడ్డ మీద ఓ ఊహాలోకాన్ని అందులో బతకాల్సినవాళ్ల చేతికిచ్చి, ఇందులో ఉంటారా అని అడిగిన సందర్భం అదొక్కటే గుర్తొస్తుంది. 175 నియోజకవర్గాల్లో దాన్ని మళ్లీ చేసే కార్యక్రమం ఏ ఎజెండాలోనూ లేదు. ఉన్నదల్లా ఆవిష్కరణ, శాలువా, గ్రూప్ ఫొటో.

అయినా ఒక్క మనవి. ఉదయగిరి విజన్‌ను తెలుగులోకి, అదీ వాచకం భాషలోకి దించి, పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి. అధికారులెవరూ రావొద్దు, ఫ్లెక్సీ కట్టొద్దు. ఓ రాత్రి దూబగుంటలో, అన్నాలు తిన్నాక, ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి మొదటి పేజీ నుంచి చదివించండి. బంగారం దగ్గర నవ్వుకుంటారు, డాలర్ల దగ్గర ఆవులిస్తారు, నీళ్ల దగ్గర కాస్త ముందుకు జరిగి వింటారు. ఆరోగ్యం, ఆనందం అన్న పేజీ వచ్చినప్పుడు ఊరి చివర దుకాణం వైపు ఓసారి చూస్తారు. తెల్లారాక ఏ తలుపుకు తాళం పడుతుందో చూద్దాం.